గీతలు పెరిగినకొద్దీ బొమ్మ ఎందుకు మసకబారుతుంది?

తమ్ముడూ, నీ ప్రశ్న నిదానంగా చదివాను, బొమ్మను పెద్దది చేసి మూలమూలలూ చూశాను. మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి నువ్వు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను. ఏ3 కాగితం మీద మైక్రాన్ పెన్నులతో ఒక ఫాంటసీ దృశ్యం గీశావు. కొండ మీద కోట, దాని బురుజుకు చుట్టుకున్న రెక్కల సర్పం, కింద లోయ మీద వంతెన, వంతెన మీద సైనికులు. ఆఫీసు నుంచి చెన్నై వేళచ్చేరిలో రూముకు చేరాక రాత్రిళ్లు కూర్చుంటే నెల పైగా పట్టిందన్నావు. దగ్గర పెట్టుకుంటే ప్రతి పొలుసూ, ప్రతి రాయీ కనిపిస్తోంది. గోడకు ఆనించి వెనక్కి జరిగితే మాత్రం అంతా బూడిద రంగు ముద్ద. ఇంకా డిటైల్ పెంచాలా, పెన్నులు మానేసి టాబ్లెట్ కొనాలా, ఇలాంటి బొమ్మలతో కాన్సెప్ట్ ఆర్టిస్టుగా, అంటే స్టూడియోల్లో నమూనా బొమ్మలు గీసేవాడిగా, పని దొరుకుతుందా అన్నవి నీ ప్రశ్నలు.

డిటైల్ సరిపడా ఉంది. లేనిది నలుపు. నీ బొమ్మ మొత్తంలో అరచెయ్యంత నల్లటి చోటు ఒక్కటి లేదు, అరచెయ్యంత తెల్లటి చోటూ లేదు. హ్యాచింగ్ అంటే పక్కపక్కనే గీతలు గీసి నీడ తేవడం. మబ్బులకు హ్యాచింగ్, కొండకు హ్యాచింగ్, గోడకు హ్యాచింగ్, పాము ఒంటికి హ్యాచింగ్. అన్నీ ఒకే పెన్నుతో, దాదాపు ఒకే ఎడంతో.

ఇది ఎందుకు ముద్ద అవుతుందో లెక్క వేసి చూడు. 01 నంబర్ మైక్రాన్ గీత 0.25 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. గీతకూ గీతకూ మధ్య అర మిల్లీమీటరు ఖాళీ వదిలావనుకో, ఆ చోటులో మూడో వంతు సిరా, మిగతా రెండు వంతులు కాగితం. రెండు మీటర్లు వెనక్కి వెళ్తే కన్ను ఆ గీతలను విడివిడిగా పట్టుకోలేదు, సిరానూ కాగితాన్నీ కలిపి ఒక లేత బూడిదగా చూస్తుంది. అక్కడున్నవి రాళ్లయినా పొలుసులైనా దూరం నుంచి అందేది ఆ బూడిదే. నువ్వు వేరువేరు వస్తువులు గీశావు, కానీ వాటన్నిటికీ ఒకే వాల్యూ ఇచ్చావు. వాల్యూ అంటే ఒక చోటు ఎంత నలుపు, ఎంత తెలుపు అన్నది. బ్లాక్ అండ్ వైట్ బొమ్మలో మన చేతిలో ఉన్నది అదొక్కటే. రంగు ఉంటే ఎర్ర పాము పచ్చటి కొండ మీద ఎలాగోలా విడిగా తెలుస్తుంది. ఇక్కడ ఆ సాయం లేదు.

ఒరిజినల్ జోలికి ఇప్పుడే వెళ్లకు. దాన్ని ఏ4లోకి తగ్గించి నాలుగైదు జిరాక్సులు తీయించు. మందపాటి నల్ల మార్కరు, ఒక బూడిద రంగు మార్కరు, తెల్ల పోస్టర్ కలర్ దగ్గర పెట్టుకో. ఒక్కో కాపీ మీద ఒక్కో నిర్ణయం చెయ్యి. మొదటిదానిలో ఆకాశం మొత్తం తెల్లగా పూసెయ్యి, కోటను బూడిదలో ఉంచు, పామును పూర్తిగా నల్లగా చేసి వెలుగు పడే వీపు వెంట మాత్రం పొలుసుల అంచులు వదులు. రెండోదానిలో తిరగేసి, వెనక చంద్రుడున్నట్టు కోటనూ కొండనూ నల్ల ముద్దగా నింపు, పామును తెల్లగా వదులు. మూడోదానిలో లోయను పొగమంచుతో నింపి తెల్లగా చెయ్యి, వంతెనా సైనికులూ ఆ తెలుపు మీద నల్లటి ఆకారాలుగా తేలనివ్వు. నీ గీతలు చాలా వరకు పోతాయి, పోనీ. కళ్లు సగం మూసి చూసినప్పుడు ఏ కాపీలో పాము ముందు కనిపిస్తుందో అదే నీ బొమ్మ.

నన్నడిగితే మొదటిదీ మూడోదీ కలుపుతాను. నల్ల పాము, మధ్యస్థంగా కోట, తెల్లటి లోయ, ఆ తెలుపు మీద చిన్న నల్ల సైనికులు. చూపు పాము మీద పడి, దాని ఒంటి వంపు వెంట బురుజు దిగి, వంతెన దగ్గరికి వస్తుంది. సైనికులు ఎంత చిన్నవాళ్లో తెలిసిన క్షణంలో పాము ఎంత పెద్దదో తెలుస్తుంది. ఫాంటసీ బొమ్మలో భయం పుట్టేది ఆ తేడాలోంచే. ఇప్పుడు నీ సైనికులు కొండ హ్యాచింగ్‌లో కలిసిపోయి ఉన్నారు, అందుకే పాము కూడా పెద్దదిగా అనిపించట్లేదు.

ఇకముందు ఈ పనిని జిరాక్సుల మీద కాకుండా బొమ్మ మొదలుపెట్టే ముందే థంబ్‌నెయిల్స్‌లో, అంటే చిన్న చిత్తు బొమ్మల్లో చెయ్యి. అగ్గిపెట్టె సైజు చాలు. పెన్సిల్ వద్దు, సన్న పెన్ను అసలే వద్దు. బ్రష్ పెన్నూ, ఒక బూడిద మార్కరూ, కాగితపు తెలుపూ, మొత్తం మూడే వాల్యూలు. అంత చిన్న చోట డిటైల్ పెట్టే వీలు ఉండదు కాబట్టి చెయ్యి ఆకారాల గురించే ఆలోచిస్తుంది. అగ్గిపెట్టె సైజులో అర్థంకాని బొమ్మ ఏ3లోనూ అర్థం కాదు. ఈ ఒక్క దశకే నేను ఎక్కువ సమయం ఇస్తాను, మా జూనియర్లకూ ఇదే చెప్తాను.

దూరానికి సంబంధించి ఒక మాట. నీ బొమ్మలో వెనక కొండలు ముందు కొండంత నల్లగా ఉన్నాయి. ఏదైనా సాయంత్రం మీ దగ్గర్లోని పరంగిమలై కొండ (సెయింట్ థామస్ మౌంట్) ఎక్కి చూడు. దగ్గరున్న చెట్లలో నిజమైన నలుపు ఉంటుంది, కాస్త దూరపు బిల్డింగుల నీడలు బూడిద రంగులోకి వస్తాయి, ఇంకా దూరం వెళ్తే నీడా వెలుగూ దాదాపు ఒకటే. మధ్యలో ఉన్న గాలి, తేమ, దుమ్ము వెలుగును చెదరగొడతాయి, ఆ చెదిరిన వెలుగు దూరపు నీడల మీద తెర వేస్తుంది. దూరంతో పాటు ముందు పోయేది నలుపు. కాబట్టి వెనక కొండలకు 01 కంటే సన్నదైన 005 పెన్నుతో పలచటి గీతలు చాలు, పెన్ను నంబరు పెరగాల్సింది ముందుకు వచ్చేకొద్దీ.

ఇప్పుడు అసలు డిటైల్ గురించి. నువ్వు చెన్నైలో ఉన్నావు, ఇది నీ అదృష్టం. ఒక ఆదివారం మహాబలిపురం వెళ్లి అర్జున తపస్సు శిల్పం ముందు కూర్చో. ఏడో శతాబ్దంలో పల్లవుల శిల్పులు చెక్కిన గ్రానైట్ అది. వందకు పైగా ఆకారాలు ఉన్నాయి. దేవతలు, మునులు, వేటగాళ్లు, సింహాలు, మధ్యలో రాతి చీలిక, అందులో నాగులు. అంత రద్దీలో కుడివైపు కింద ఏనుగులను చూడు. వాటి ఒళ్లంతా నున్నగా, దాదాపు ఖాళీగా వదిలారు. ఆ ఖాళీ వల్లే వాటి బరువు తెలుస్తుంది, వాటి చుట్టూ ఉన్న చిన్న ఆకారాల సన్నటి పని కూడా ఆ ఖాళీ వల్లే కనిపిస్తుంది. పెద్ద ఏనుగు కాళ్ల మధ్య పిల్ల ఏనుగులు, దగ్గర్లోనే తపస్సు నటిస్తూ నిలబడ్డ పిల్లి, దాని చుట్టూ ఎలుకలు. ఏనుగు ఒంటి మీద కూడా ముడతలన్నీ చెక్కి ఉంటే ఆ పిల్లిని మనం వెతుక్కోవాల్సి వచ్చేది. నీ కోట గోడల్లో ప్రతి రాయినీ గీయడం అంటే ఏనుగు ఒంటి నిండా ముడతలు చెక్కడమే.

అక్కడ ఇంకొకటి గమనించు. ఆ రాయి తూర్పు ముఖంగా ఉంది. పొద్దున్నే వెలుగు ఎదురుగా పడుతుంది, అప్పుడు శిల్పాలు చదునుగా కనిపిస్తాయి. సూర్యుడు పైకి ఎక్కి వెలుగు రాతి మీదుగా జారడం మొదలయ్యాక ప్రతి గుంటా, ప్రతి అంచూ లేచి నిలబడుతుంది. ఉపరితలపు గరుకుదనం బాగా కనిపించేది ఇలా ఏటవాలు వెలుగు పడే చోట, అంటే వెలుగు అయిపోయి నీడ మొదలయ్యే సరిహద్దులో. పూర్తి వెలుగులో అది చెరిగిపోతుంది, పూర్తి నీడలో మునిగిపోతుంది. పాము ఒంటికి దీన్ని వాడు. వెలుగు పడే వైపు కాగితం వదిలెయ్యి, అక్కడక్కడ ఒక అంచు చాలు. నీడ వైపు సిరా నింపు. ఆ రెండూ కలిసే పట్టీ వెంట మాత్రం పొలుసులు ఒక్కొక్కటిగా, ఓపిగ్గా గీయి. చూసేవాళ్లు ఒళ్లంతా పొలుసులున్నాయనే నమ్ముతారు. నువ్వు గీసింది నాలుగో వంతు కూడా ఉండదు.

ఆ పొలుసులు కూడా ఇప్పుడు అన్నీ ఒకే సైజులో ఉన్నాయి. ఎక్కడో చూసిన డ్రాగన్ బొమ్మల నుంచి వచ్చిన అలవాటు ఇది. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద వడనెమ్మెలి దగ్గర క్రొకడైల్ బ్యాంక్ ఉంది, 1976లో మొదలైంది. స్కెచ్ బుక్ తీసుకుని వెళ్లు. మొసలి వీపు మీద గట్టి పలకలు గట్లు గట్లుగా లేచి ఉంటాయి, పక్కటెముకల వైపు చిన్న గుండ్రటి పొలుసులు, కడుపు మీద నలుచదరపు వరసలు. గిండీ స్నేక్ పార్కులో కొండచిలువను చూడు. వీపు మీద సన్న పొలుసులు, కడుపు కింద అడ్డంగా వెడల్పాటి పట్టీలు. ఒళ్లు వంగినప్పుడు లోపలి వైపు పొలుసులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి, బయటి వైపు విడిపోయి మధ్యలో చర్మం కనిపిస్తుంది. బురుజుకు చుట్టుకున్న పాముకు ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలు, అది బురుజును నిజంగా బిగించినట్టు ఉంటుంది. రెక్కలకు గబ్బిలాన్ని చూడు. దాని రెక్క అంటే చెయ్యే, సాగిన నాలుగు వేళ్ల మధ్య పొర, బొటనవేలు విడిగా. నీ పాము రెక్కల్లో ఎముకలు ఎక్కడ మొదలయ్యాయో తెలియట్లేదు, భుజం లేకుండానే అతికించినట్టు ఉన్నాయి. డిటైల్ అంటే నేను చెప్పేది ఇలాంటి తెలివిడి. వస్తువు ఎలా పనిచేస్తుందో తెలిసినవాడు పది గీతల్లో చెప్పేదాన్ని తెలియనివాడు వంద గీతలతోనూ చెప్పలేడు.

కోట సంగతీ అంతే. నీ కోట బురుజులు యూరప్ కోటల్లాగా ఉన్నాయి, తప్పేం లేదు. కానీ మనవాళ్లు దేశింగురాజు కథలో విన్న చెంజి కోట ఇక్కడి నుంచి ఒక్క రోజులో వెళ్లి రాగలిగేంత దూరం. గుండ్రటి బండరాళ్లు గుట్టలుగా పడి ఉన్న రాజగిరి, దాని నెత్తిన కోట, శిఖరానికి ముందు లోతైన చీలిక, దాని మీద వంతెన. నువ్వు గీసిన దృశ్యమే అక్కడ నిజంగా ఉంది! రాళ్ల మధ్య గోడ ఎలా వంగి వెళ్తుందో, బండ ఎక్కడ ఆగి కట్టుడు ఎక్కడ మొదలవుతుందో చూసి గీస్తే ఆ కోటను ఎవరూ వేరే బొమ్మతో పోల్చలేరు. జంతువుల కోసం అయితే మన గుళ్లలో చెక్కే కల్పిత జంతువు యాళిని వదలొద్దు. వేలూరు కోటలో జలకంఠేశ్వరాలయం కల్యాణ మండపం స్తంభాలు, మహాబలిపురం దారిలో సాలువన్‌కుప్పం దగ్గర యాళి తలలు చుట్టూ చెక్కిన పులి గుహ, రెండూ నేను మళ్లీ మళ్లీ గీసే చోట్లు. కాపీ కొట్టమని కాదు. సింహం ఒంటికి ఏనుగు తొండం ఎక్కడ, ఎలా అతికిందో చూస్తే, లేని జంతువును ఉన్నట్టు నమ్మించడం ఎలాగో తెలుస్తుంది.

గీత గురించి. పాతకాలపు యూరప్ చిత్రకారులు డోరే, డ్యూరర్‌ల అచ్చు బొమ్మలు నీకు ఇష్టమని రాశావు. అవి పెన్ను గీతలు కావని గుర్తుంచుకో. డోరే చెక్క దిమ్మ మీద బొమ్మ వేస్తే దాన్ని చెక్కినవాళ్లు వేరే. చెక్క ఎన్‌గ్రేవింగ్‌లో చెక్కిన చోటు తెల్లగా అచ్చవుతుంది, చెక్కనిదంతా నలుపు. అంటే ఆ పని నలుపులోంచి వెలుగును తవ్వి తీసే పని. అందుకే వాటిలో నలుపు అంత ధైర్యంగా ఉంటుంది. అమెరికన్ చిత్రకారుడు ఫ్రాంక్లిన్ బూత్ చిన్నప్పుడు పత్రికల్లోని ఎన్‌గ్రేవింగులను పెన్ను బొమ్మలనుకుని వాటిని చూసి పెన్నుతో సాధన చేశాడు, అలా వచ్చిందే ఆయన శైలి. మన దగ్గరైతే ఈ ఊళ్లోనే 1947లో మొదలైన చందమామ పాత సంచికలు తిరగెయ్యి. చిత్రా, శంకర్ గీసిన రాక్షసులూ బేతాళుడూ అంత చిన్న అచ్చులోనూ ఎంత స్పష్టంగా ఉన్నారో చూడు. ఆకారం ముందు, నలుపు తర్వాత, అలంకారం చివర. ఇప్పటికీ అంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

హ్యాచింగ్‌లో నీకు వెంటనే పనికొచ్చే మార్పులు చెప్తాను. గీతలను ఆకారం వెంట వంచు. బురుజు గుండ్రంగా ఉంటే గీత కూడా దాని చుట్టూ తిరగాలి, నువ్వు నిలువుగా గీసినందుకే అది పలకలా ఉంది. రెండో వరస గీతలను తొంభై డిగ్రీల్లో దాటించకు, వలలా కనిపిస్తుంది. ఇరవై ముప్ఫై డిగ్రీల తేడాతో వేస్తే నీడ మెత్తగా పరుచుకుంటుంది. వెలుగు వైపు గీత ముగిసేటప్పుడు పెన్నును ఆపి ఎత్తకు, కదులుతుండగానే ఎత్తు, చివర సన్నబడుతుంది. నాలుగు వరసలు దాటిందంటే అక్కడ నీకు కావాల్సింది నలుపే, బ్రష్‌తో ఇండియన్ ఇంక్ పూసెయ్యి. పెన్నుతో నల్లగా నింపబోతే కాగితం లేస్తుంది, పెన్ను ములుకు అరుగుతుంది, చివరికి వచ్చేది మచ్చల బూడిదే. సైనికుల కవచాల లాంటి లోహానికి మధ్య వాల్యూలు దాదాపు అక్కర్లేదు. నలుపు పక్కనే తెలుపు, అంచు పదునుగా. ఎగ్మోర్ మ్యూజియం కంచు విగ్రహాల గ్యాలరీలో ఒక గంట స్కెచ్ వేస్తే ఇది చేతికి వస్తుంది. తెల్ల జెల్ పెన్ చివర్లో కొన్ని మెరుపులకు మాత్రమే. వెలుగంతా దానితో తెద్దామనుకుంటే కాగితపు తెలుపు ముందు అది వెలవెలబోతుంది.

చెన్నై ఉక్కలో అరచెయ్యి చెమట కాగితానికి పెద్ద శత్రువు. చేతి కింద ఎప్పుడూ ఒక శుభ్రమైన కాగితం ఉంచుకో. పల్చటి కాట్రిడ్జ్ కాగితం వర్షాకాలంలో అలలు తేలుతుంది, సిరా పాకుతుంది. 300 జీఎస్‌ఎం నున్నటి కాగితం తీసుకో, ఖరీదైనా నెల రోజుల శ్రమకు అది న్యాయం. గీశాక తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లతో ప్లాస్టిక్ కవర్లో పెట్టు.

ఫోనుతో తీసిన ఫొటో పెట్టావు, అందులో తెలుపు పసుపుగా, నలుపు ముదురు బూడిదగా వచ్చాయి. 600 డీపీఐలో గ్రేస్కేల్ స్కాన్ చేయించు. ఏ3కి అది సుమారు 7016 పిక్సెళ్ల వెడల్పు, 9921 ఎత్తు వస్తుంది. చిన్న స్కానరైతే రెండు సగాలుగా, మధ్యలో కొంత రెండిట్లోనూ వచ్చేలా తీసి కలుపు. ఫొటో సాఫ్ట్‌వేర్‌లో లెవెల్స్ అనే సెట్టింగ్‌తో నలుపూ తెలుపూ సరిచేశాకే సైజు తగ్గించు. సన్న హ్యాచింగ్‌ను బాగా తగ్గిస్తే లేని చారలు పుడతాయి. వాల్యూలు గట్టిగా ఉన్న బొమ్మను అవి పెద్దగా పాడుచేయవు.

టాబ్లెట్ విషయం. బొమ్మ ముద్ద కావడానికి పెన్ను కారణం కాదు కాబట్టి టాబ్లెట్ దాన్ని బాగు చేయదు. ఇంకా కష్టమే కావచ్చు, జూమ్ చేసి ఎంతైనా గీసుకుంటూ పోవచ్చు కదా. స్టూడియో పని కావాలంటే మాత్రం తప్పదు, అక్కడ అందరూ డిజిటల్‌లోనే చేస్తారు, మార్పులు అడుగుతూనే ఉంటారు. స్క్రీన్ లేని చవక టాబ్లెట్‌తో, ఉచితంగా దొరికే క్రితా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టు. కాన్వాస్‌ను మొత్తం నలుపుతో నింపి తెల్ల బ్రష్‌తో వెలుగు మాత్రమే గీయడం సాధన చెయ్యి, ఎన్‌గ్రేవింగ్ పద్ధతి అలవాటవుతుంది. ఇంకో విండోలో అదే బొమ్మను చిన్న సైజులో తెరిచి పెట్టుకో, చూపు దాని మీదే ఎక్కువ ఉండాలి.

ఇక పని దొరుకుతుందా అన్నది. ఈ బొమ్మ ఇలస్ట్రేషన్. కాన్సెప్ట్ ఆర్ట్ వేరు, అది వేరేవాళ్లు కట్టడానికి ఇచ్చే నమూనా. త్రీడీ మోడలర్ నీ బొమ్మ చూసి బురుజు వెనక వైపు ఎలా ఉంటుంది, గేటు పైకి లేస్తుందా పక్కకు జరుగుతుందా, గోడ రాయా ఇటుకా అని అడుగుతాడు. జవాబు బొమ్మలోనే ఉండాలి. స్టూడియోల్లో మొదటి రౌండ్ బ్లాక్ అండ్ వైట్‌లో చేసేది కూడా అందుకే, రంగు గొడవ లేకుండా ఆకారం మీద త్వరగా నిర్ణయం తీసుకోవచ్చని. పైగా ఉపరితలపు డిటైల్‌ను ఇప్పుడు ఏఐ టూల్స్ నిమిషాల్లో నింపేస్తున్నాయి. కేవలం గీతల ఓపిక చూపించే పోర్ట్‌ఫోలియోను ఆర్ట్ డైరెక్టర్లు తొందరగా తిప్పేస్తారు. వాళ్లు ఆగి చూసేది ఆలోచన కనిపించే పేజీల దగ్గర.

కాబట్టి ఇదే దృశ్యం మీద ఒక సెట్ తయారు చెయ్యి. ఒక పేజీ నిండా థంబ్‌నెయిల్స్, నచ్చనివి కూడా తీసెయ్యకుండా. ఒక పేజీలో పాము ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి, పక్కన మనిషి ఆకారం కొలతకు. ఇంకో పేజీలో వంతెన గొలుసులు, గేటు యంత్రం, బురుజు పునాది బండ మీద ఎలా కూర్చుందో, ఒక్కోదానికి రెండు ముక్కల వివరణ. చివర్లో నలుపు సరిచేసిన పూర్తి బొమ్మ. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ స్టూడియోలకు పంపేటప్పుడు ఈ వరసలోనే పంపు. ముందుగా ఆ జిరాక్సుల ఫొటోలు ఇక్కడే కింద పెట్టు, ఏది ముందుకు తీసుకెళ్లాలో చూసి చెప్తాను.